బేత్లెహేము నీళ్లు, శాంతిపురం ఫ్లెక్సీ



పాస్టరు సినిమా గురించి రాశాడంటే చదవకముందే సగంమందికి అందులో ఏముందో తెలిసిపోతుంది. చూడకండి, చెడిపోతారు, ఇవి అంత్య దినాలు. అంతే కదా? ఆ ప్రసంగం మీరు సండే స్కూలు నుంచి వింటున్నారు. విన్నాక కూడా మన మగపిల్లలు రిలీజు రోజు తెల్లవారుజామున నాలుగు గంటలకు థియేటర్ గేటు దగ్గరే ఉంటున్నారు. కాబట్టి దాన్ని ఇంకోసారి వినిపించం. మన పిలకాయల లోపలి ఆకలి ఒకటి కనిపెట్టి, దాన్ని తమకు పెట్టుబడిగా మార్చుకున్న ఒక పద్ధతి ఉంది. దాని మీదే ఈ వారం మా కోపం. ఆ పద్ధతి థియేటర్ దగ్గర పుట్టి, రాజకీయ సభలకు పోయి, ఇప్పుడు మన ఉజ్జీవ కూటాల పందిట్లోకి కూడా వచ్చి కూర్చుంది.

ముందు జరిగినవి చెప్పుకుందాం. ఎక్కడివో కావు, మన పక్కవే.

2020 సెప్టెంబరు 1. కుప్పం నియోజకవర్గం, శాంతిపురం మండలం. తెల్లవారితే పవన్ కళ్యాణ్ పుట్టినరోజు. ఊరి కుర్రాళ్లు సుమారు 25 అడుగుల బ్యానరు నిలబెడుతున్నారు. అది కరెంటు తీగలకు తగిలింది. ముగ్గురు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. కరోనా రోజులవి. పెళ్లికి, చావుకు కూడా జనం లెక్క పెట్టుకుని వెళ్తున్న కాలం. అయినా బ్యానరు మాత్రం ఆగలేదు.

దానికి నాలుగేళ్ల ముందు, 2016 ఆగస్టులో, తిరుపతి కుర్రాడు ఒకడు కోలారు వెళ్లాడు. ఎందుకు వెళ్లాడో గమనించండి. అవయవదానం గురించిన కార్యక్రమానికి. మంచి పనికే. అక్కడ వేరే హీరో అభిమానులతో మా హీరో గొప్ప, మా హీరో గొప్ప అని మాటా మాటా పెరిగింది. కత్తిపోటు పడింది. కుర్రాడు తిరిగి రాలేదు. తన అవయవాలు ఇంకొకరికి బతుకునివ్వాలన్న తలంపుతో కూడిన చోట, ఒక నటుడి పేరు మీద ఒక తల్లి బిడ్డ ప్రాణం పోయింది. ఆ తరువాత పవన్ కళ్యాణ్ తిరుపతి వచ్చి ఆ ఇంటివారిని పరామర్శించాడు. అభిమానం పేరుతో ఇలా కొట్టుకోవద్దని చెప్పాడు కూడా. ఆ మాట ఆయన మనసులోంచి వచ్చింది కాదని మేము అనబోవడం లేదు. అయితే ఆ మాట చెప్పిన నాలుగేళ్లకే శాంతిపురం జరిగింది. 2023 ఏప్రిల్‌లో పశ్చిమ గోదావరి జిల్లా అత్తిలిలో వాట్సాప్ స్టేటస్ దగ్గర మొదలైన హీరోల గొడవలో ఒక అభిమాని ఇంకొక అభిమానిని చంపాడు. అదే ఏడు జూలైలో నరసరావుపేట దగ్గర సూర్య పుట్టినరోజు ఫ్లెక్సీ కడుతూ ఇద్దరు విద్యార్థులు కరెంటు షాక్‌తో పోయారు. మాటతో ఆగేదైతే 2016లోనే ఆగాలి.

"అయ్యగారూ, అవి ప్రమాదాలు. దానికి ఎవరిని అంటారు?" అని కొందరు అడుగుతారు. ఫ్లెక్సీ 25 అడుగులు ఎందుకు ఉండాలో ఎవరైనా చెప్పగలరా? అవతలి బ్యాచ్‌ది 20 అడుగులుంటుంది కాబట్టి. పోటీయే ఎత్తు పెంచుతుంది. ఎత్తు పెరిగితే తీగలు దగ్గరౌతాయి. దీన్ని విధి మీద, కరెంటు శాఖ మీద తోసేస్తే మన మనసుకు సులువు.

మా సంఘంలో పెరిగి బెంగళూరులో పని చేసుకుంటున్న ఒక యౌవనస్థుడితో ఈ సంగతి మాట్లాడుతుంటే, "మనోళ్లే కాదయ్యగారూ, తెల్లోళ్లూ ఇంతే" అని ఒక ఇంగ్లీషు సినిమా పేరు చెప్పాడు. ద ఫుట్‌బాల్ ఫ్యాక్టరీ. 2004లో వచ్చింది. మేము చూశాము. మీరు చూడమని చెప్పము. నిండా బూతులు, తాగుడు, మత్తుమందు. కానీ కాపరికి తోడేలు నడిచే దారి తెలియాలి కదా.

లండన్‌లో చెల్సీ, మిల్‌వాల్ అని రెండు ఫుట్‌బాల్ జట్లున్నాయి. ఒక్కో జట్టు వెనుక ఒక ముఠా. ఆట చూడటం వీళ్లకు సాకు. అవతలి ముఠాను వీధిలో కలుసుకుని కొట్టుకోవడమే పండుగ. కథానాయకుడు పూల దుకాణంలో పని చేసే కుర్రాడు. వారమంతా పూలు, శనివారం పిడికిళ్లు. చివరికి అవతలి ముఠా అతన్ని చావగొడుతుంది. ఒళ్లంతా విరిగినవాడు తనను తాను అడుగుకుంటాడు, ఇంత నొప్పికి తగిన ఫలం ఏమైనా ఉందా అని. మనమైతే అక్కడ పశ్చాత్తాపం కోసం చూస్తాం. అతను మాత్రం ఉందనే అంటాడు. మళ్లీ ఆ ముఠాలోకే పోతాడు.

ఆ ఒక్క జవాబు దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాము. ఎందుకంటే మన ప్రసంగాలన్నీ ఒకే నమ్మకం మీద నడుస్తున్నాయి: దెబ్బలు తగుల్తాయని చెబితే పిల్లవాడు మానేస్తాడు. మానడు. దెబ్బ తగులుతుందని వాడికి మనకంటే బాగా తెలుసు. 1985 మేలో బ్రస్సెల్స్ నగరంలో లివర్‌పూల్, యువెంటస్ జట్ల ఆట ముందు ఇంగ్లీషు అభిమానులు అవతలివాళ్ల మీదికి ఎగబడితే తొక్కిసలాటలో, గోడ కూలి 39 మంది చనిపోయారు. ఇంగ్లీషు జట్లను యూరప్ పోటీల నుంచి ఏళ్ల తరబడి వెలివేశారు. అది జరిగి 19 ఏళ్లయ్యాక కూడా ఆ సినిమా తీయడానికి కథ మిగిలే ఉందంటే, చావు చూపించి భయపెట్టడం మందు కాదని అర్థం.

మరి ఏం దొరుకుతుంది వాడికి అక్కడ?

మన పక్క ఒక కుర్రాడిని తీసుకోండి. ఇంటరులో రెండు సబ్జెక్టులు పోయాయి. మామిడికాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీకి పోతాడు, మిగతా రోజులు గ్రానైటు పనికో, సెంట్రింగు పనికో. తండ్రి కువైట్‌లోనో బెంగళూరులోనో ఉంటాడు. ఊళ్లో ఉన్నా కొడుకుతో ఆయన మాట్లాడేది ఒక్కటే మాట: ఎంత వచ్చింది? ఇంట్లో పూర్తి పేరుతో పిలిచేది కోపమొచ్చినప్పుడు మాత్రమే. పెళ్లిళ్లలో వడ్డించడానికి కావాలి, కూర్చుని మాట్లాడటానికి అక్కర్లేదు. ఇరవై ఏళ్ల మగపిల్లవాడు ఒక్కరోజు ఊళ్లో కనబడకపోతే "వాడేడీ?" అని అడిగే మనిషి వాడికి ఉండడు. అడిగేది అప్పిచ్చినవాడే.

అభిమాన సంఘంలో అడుగుతారు. అక్కడ ఒక 'అన్న' ఉంటాడు. బైకు పడిపోతే ఆస్పత్రికి వస్తాడు. పోలీస్ స్టేషన్లో కూర్చోబెడితే మాట్లాడటానికి వస్తాడు. మొదటి ఆట టికెట్టు ఇప్పిస్తాడు. "తమ్ముడూ, ఈసారి ఫ్లెక్సీ నీ బాధ్యత" అంటాడు. బాధ్యత! వాడి బతుకులో ఆ మాట తన వైపు తిరగడం అదే మొదటిసారి.

ఇప్పుడు ఆ ఫ్లెక్సీని ఒకసారి నిలబడి చూడండి. పైన హీరో బొమ్మ ఇంత. కింద వరుసలో, పాస్‌పోర్టు ఫొటోల్లాగా, చిన్నచిన్న మొహాలు. పక్కన పేర్లు. ఆ కుర్రాడు ఎక్కింది పైనున్న బొమ్మ కోసమని మనం అనుకుంటున్నాం. కింద వరుసలో ఉన్న ఆ అగ్గిపెట్టెంత ఫొటో కోసం కూడా ఎక్కాడు. ఊరంతా నడిచే కూడలిలో తన మొహం, తన పేరు. వాడి పేరు ఇంకెక్కడా రాసి లేదు.

ఇది మనసున్న ఏ తల్లికైనా తెలిసిన ఆకలే. పాపం కాదు. మనుష్యుడు ఒంటరిగా ఉండటం మంచిది కాదని సెలవిచ్చిన దేవుడే ఆ ఆకలిని పెట్టాడు. దాన్ని తిట్టేవాళ్లకు మేము ఎదురు. దాన్ని అమ్ముకునేవాళ్లకు మరీ ఎదురు.

అమ్ముకోవడం అంటే ఏమిటో తెలియాలంటే అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయము చదవండి. ఎఫెసు పట్టణము. జనం నాటకశాలలో చేరారు. అవును, నాటకశాలే, మన థియేటర్ లాంటిదే. రెండు గంటల సేపు ఒకే నినాదం, అర్తెమిదేవి పేరు మీద. లూకా ఒక మాట నెమ్మదిగా చేర్చుతాడు: చేరినవాళ్లలో ఎక్కువమందికి తాము ఎందుకు వచ్చారో తెలియదు. అయితే ఒకనికి బాగా తెలుసు. దేమేత్రియు అనే కంసాలి. దేవి గుడి బొమ్మలు వెండితో చేసి అమ్మేవాడు. పౌలు వల్ల వ్యాపారం దెబ్బ తింటుందని తోటి పనివాళ్లను పోగుచేసినప్పుడు ముందు లాభం గురించే మాట్లాడాడు, భక్తి గురించి ఆ తరువాత. కేకలు వేసినవాళ్ల గొంతులు పోయాయి, దేమేత్రియు గొంతు కాదు. చివరికి ఊరి కరణం వచ్చి, ఇది కోర్టులో తేల్చుకోవలసిన సంగతి, ఇళ్లకు పోండి అని పంపించాడు. మన దగ్గర ఆ కరణం పని ఎవరూ చేయడం లేదు.

బాప్తిస్మము తీసుకున్నాడు కదా, మా వాడికి ఇవి అంటవు అనుకునే తల్లిదండ్రులకు చరిత్రలోంచి ఒక సంగతి. 532వ సంవత్సరంలో కాన్‌స్టాంటినోపుల్ పట్టణంలో రథాల పందెం అభిమానులు నీలిజెండావాళ్లు, ఆకుపచ్చజెండావాళ్లు అని రెండుగా ఉండేవాళ్లు. అది క్రైస్తవ చక్రవర్తి ఏలిన పట్టణం. ఆదివారం ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకునేవాళ్లే. ఆ గుంపుల అల్లరి ముదిరి పట్టణం తగలబడింది, పెద్ద దేవాలయమే కాలిపోయింది. సైన్యం పందెపు మైదానంలో చంపినవాళ్లు సుమారు 30,000 మందని ఆనాటి చరిత్రకారుడు రాశాడు. సెమినరీలో ఈ పాఠం విన్నప్పుడు మా తరగతిలో ఒకాయన "ఇది మా ఊరి బెనిఫిట్ షో లాగుందే" అన్నాడు, అందరం నవ్వాము. అప్పటికి కోలారు జరగలేదు, శాంతిపురమూ జరగలేదు.

అగస్టీను తన ఒప్పుకోళ్ల గ్రంథంలో అలిపియు అనే స్నేహితుని గురించి కూడా చెప్పాడు. మంచివాడు, రోమాలో చదువుకుంటున్నాడు. స్నేహితులు బలవంతంగా మల్లుల పోటీకి లాక్కుపోయారు. నేను కళ్లు తెరవను, శరీరం మాత్రమే మీతో వస్తుంది అని కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. చెవులు మూసుకోలేదు. ఒక మనిషి పడినప్పుడు జనమంతా ఒక్కసారి అరిచిన కేక లోపలికి దిగింది. కళ్లు తెరిచాడు. ఇక అక్కడికి వచ్చిన అలిపియు కాడు, ఆ గుంపులో ఒకడు. తరువాత రోజుల్లో ప్రభువు అతన్ని బిషప్పుగా చేశాడు, అది వేరే సంగతి. గుంపు కేక మంచివాణ్ణి కూడా పట్టుకుంటుంది. 2025 సంక్రాంతికి తిరుపతిలో ఒక థియేటర్ ముందు మేకపోతును నరికి హీరో పోస్టరుకు నెత్తురు పూసినందుకు పోలీసులు ఐదుగురిని అరెస్టు చేశారు. ఆ కుర్రాళ్లలో ఏ ఒక్కడైనా తన ఇంటి వాకిట్లో, ఒంటరిగా, ఆ పని చేసేవాడా?

ఇప్పుడు పై బొమ్మ దగ్గరికి వద్దాం.

2 సమూయేలు 2వ అధ్యాయము మన ప్రసంగాల్లో ఎక్కువగా రాదు. గిబియోను కొలను. ఈ గట్టున అబ్నేరు మనుషులు, ఆ గట్టున యోవాబు మనుషులు. ఇద్దరు సేనాపతులూ కూర్చుని ఉన్నారు. అబ్నేరు అంటాడు, కుర్రాళ్లు లేచి మన ఎదుట ఆడనిమ్మని. యోవాబు సరే అంటాడు. ఇటు పన్నెండుమంది, అటు పన్నెండుమంది. ఒకని తల ఒకడు పట్టుకుని, ఒకని ప్రక్కలో ఒకడు కత్తి పొడిచి, ఇరవైనలుగురూ ఒక్కసారే కూలారు. ఆ పిల్లల పేర్లు లేఖనంలో లేవు. కూర్చున్న ఇద్దరి పేర్లు ఉన్నాయి. ఆ ఇద్దరూ తరువాత ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు కూడా. మన హీరోలూ అంతే, ఒకరి పెళ్లికి ఒకరు వెళ్తారు, పక్కపక్కన నిలబడి ఫొటో దిగుతారు. వెళ్లాలి, మంచిదే. ఆ ఫొటో కింద కామెంట్లలో ఒకరి తల్లిని ఒకరు తిట్టుకుంటున్నది మన పిల్లలు.

అదే గ్రంథంలో 23వ అధ్యాయము. దావీదు అదుల్లాము గుహలో ఉన్నాడు. బేత్లెహేములో ఫిలిష్తీయుల దండు ఉంది. ఎండ, దాహం. మా ఊరి గవిని దగ్గర బావి నీళ్లు ఎవరైనా ఇస్తే ఎంత బాగుండు అన్నాడు. ఆజ్ఞ ఇవ్వలేదు, నిట్టూర్చాడు. ముగ్గురు కుర్రాళ్లు ఆ మాట విన్నారు. అభిమానం అంటే అదే. శత్రువుల దండు చీల్చుకుని పోయి, బావిలో చేది, తిరిగి తెచ్చి చేతికిచ్చారు. దావీదు తాగాడా? తాగలేదు. ఇవి నీళ్లు కావు, ప్రాణాలకు తెగించి పోయినవాళ్ల నెత్తురు, ఇది నేను తాగకూడదు అని యెహోవా సన్నిధిని నేల మీద పారబోశాడు.

మేము ఈ రోజు అడిగేది ఇదే. పారబోసిన నాయకుడు మనకు ఎక్కడైనా కనబడుతున్నాడా?

కుర్రాడు చచ్చిపోయాక చెక్కు రాదని కాదు. వస్తుంది. శాంతిపురం కుటుంబాలకు కూడా సినిమావాళ్లు డబ్బు సహాయం ప్రకటించారు. ఇవ్వకపోవడం కంటే ఇవ్వడం నయం. అయితే చెక్కు ఇచ్చిన తరువాతి ఏడు కూడా పుట్టినరోజు అదే తేదీన వస్తుంది. నా పేరు మీద ఒక్క ఫ్లెక్సీ లేచినా ఆ ఏడు నా సినిమా రిలీజు చేయను అని ఒక్క హీరో అంటే, రాత్రికి రాత్రే కర్రలు దిగుతాయి. అలా అంటే మొదటి రోజు కలెక్షను దిగుతుంది. నీళ్లు తాగుతున్నాడో పారబోస్తున్నాడో అక్కడ తెలుస్తుంది. "జాగ్రత్తగా ఉండండి తమ్ముళ్లూ" అని స్టేజీ మీద చెప్పడం, గిన్నె చేతిలో పట్టుకునే దావీదు ఒక మంచి ప్రసంగం చేయడం లాంటిది.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. ఈ అభిమానుల వల్ల మేలూ జరిగింది. 1998లో చిరంజీవి రక్తనిధి పెడితే ఎంతోమంది కుర్రాళ్లు వరుసలో నిలబడి రక్తమిచ్చారు. ఎవరి పేరు చెబితేనేమి, ఆస్పత్రిలో ఉన్నవాడికి రక్తం రక్తమే. వాళ్లకు పని అప్పజెబితే చేస్తారనడానికి అదే సాక్ష్యం. కానీ ఆయనే 2008 ఆగస్టు 26న మన తిరుపతిలో ప్రజారాజ్యం పార్టీ ప్రకటించాడు. 2009లో తిరుపతి ఎమ్మెల్యేగా గెలిచాడు. 2011లో పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశాడు. సభకు జెండాలు కట్టినవాళ్లను, గోడల మీద రాతలు రాసినవాళ్లను, కలపాలా వద్దా అని ఎవరు అడిగారు? అభిమాని ఓటు లెక్కలో ఉంటాడు, తీర్మానం రాసేటప్పుడు ఉండడు.

మన ఎస్సీ కాలనీల పిల్లలకు ఇంకొక మాట విడిగా చెప్పాలి, బాధపడవద్దు. హీరో కులం మనది కాదు, అయినా వాళ్ల కులం గొడవల్లో ముందు వరుసలో మన పిల్లలే ఉంటున్నారు. తండ్రి హీరో అయితే కొడుకు హీరో అవుతున్నాడు. తండ్రి ఫ్లెక్సీ కట్టినవాడైతే కొడుకూ ఫ్లెక్సీ కడుతున్నాడు. రిలీజు రోజు భుజం మీద చేయి వేసిన 'అన్న' ఊరి టీ కొట్టు దగ్గర ఏ గ్లాసు చూపిస్తాడో చూసి, అప్పుడు అన్నదమ్ములమో కాదో తేల్చుకోండి.

ఇంతవరకు చదివి ఆమేన్ అంటున్న పెద్దలకు ఇప్పుడు చేదు మాట.

మా పక్క ఒక ఊళ్లో మూడు రోజుల సువార్త కూటాలు. రోడ్డుకు అటూ ఇటూ ఫ్లెక్సీలు. పైన దైవజనులవారి బొమ్మ, చేయి ఎత్తి, వెనక మెరుపులు. క్రీస్తు పేరు ఒక మూల. కింద వరుసలో అగ్గిపెట్టె ఫొటోలు. పాస్టరు పుట్టినరోజుకు కేకు, గజమాల. యూట్యూబులో ఈ అయ్యగారి శిష్యులు ఆ అయ్యగారిని తిట్టే వీడియోలు, వాటికింద సినిమా అభిమానులు కూడా సిగ్గుపడే మాటలు. నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను అని కొరింథులో మొదలైనప్పుడు పౌలు తన బ్యాచ్‌ను లెక్కపెట్టుకుని మురిసిపోలేదు, మీకోసం సిలువ వేయబడింది పౌలా అని మండిపడ్డాడు. తన గిన్నె తానే పారబోశాడు. ఇప్పుడు ఆ పత్రిక చదివి ప్రసంగం చేసి, దిగి వచ్చి, ఆ ఫ్లెక్సీ కిందే నిలబడి సెల్ఫీలు ఇస్తున్నారు. థియేటర్‌కు పోవద్దని పిల్లవాడికి చెప్పే హక్కు ఈ కూటాలకు ఎక్కడిది? వాడు చూస్తున్నది అదే బొమ్మ, అదే కింద వరుస. సినిమా ఫ్లెక్సీలో కనీసం పాటలు బాగుంటాయి అని ఒక కుర్రాడు మా మొహం మీదే అన్నాడు. కోపం రాలేదు, నవ్వొచ్చింది.

"మరి మీ దగ్గర మాకు ఏముంది అయ్యగారూ?" అని కూడా వాడే అడిగాడు. సరైన ప్రశ్న. కుర్చీలు వేయడం, మైకు సర్దడం, క్రిస్మస్‌కు పందిరి కట్టడం, ఆ తరువాత వెనక గోడకు ఆనుకుని నిలబడటం. చాలా సంఘాల్లో ఇరవై ఏళ్ల మగపిల్లవాడికి దొరికేది అంతే. పన్నెండుమంది జాలరులను, సుంకరులను పేరు పెట్టి పిలిచి, తనతో తిప్పుకుని, ఇద్దరిద్దరిగా ఊళ్లకు పంపి, తిరిగొచ్చాక ఏం జరిగిందో చెప్పమని కూర్చోబెట్టుకున్న ప్రభువు పేరు మీద నడిచే సంఘం ఇది. ఆయన వాళ్లను తన కోసం చావడానికి పంపకముందే వాళ్ల కోసం తాను చచ్చిపోయాడు. పైనున్న బొమ్మ కిందికి దిగి, కింద వరుసవాళ్ల కాళ్లు కడిగాడు. ఈ సంగతి పాటగా పాడితే చాలదు, పిల్లవాడికి చేతికి తగలాలి.

మా సంఘంలో ఇప్పుడు నాలుగు పనులు యౌవనస్థుల చేతికి వెళ్లాయి. చావు జరిగితే గుంత తవ్వడం దగ్గర్నుంచి మట్టి వేసేదాకా వాళ్లదే. ప్రార్థనలో మొదటి మాట కూడా వాళ్లలో ఒకడిదే. ముసలివాళ్లను తిరుపతి రుయా ఆస్పత్రికి తీసుకెళ్లి, ఓపీ చీటీ రాయించి, మందులు చూసుకుని తీసుకురావడం. ఎవరికి ఏ గ్రూపు రక్తమో ఒక నోటు పుస్తకం. కానుకల లెక్క చదివేటప్పుడు ఇద్దరు కుర్రాళ్లు పక్కన కూర్చుని చూడటం. ఈ చివరిది పెట్టినప్పుడు పెద్దల్లో కొందరు మొహం మాడ్చుకున్నారు. మాడ్చుకోనీ. ఆదివారం రానివాడి ఇంటికి సోమవారం సాయంత్రం లోపల ఒకరు వెళ్లాలి, తిట్టడానికి కాదు, "నిన్న నువ్వు లేవు" అని చెప్పడానికి. అంతే చెప్పి రావాలి. సినిమాకు పోయాడా అని అడగకూడదు.

తండ్రులకు ఒక చిన్న పని. కొడుకు ఫోను చేసినప్పుడు డబ్బు మాట రెండోది కానివ్వండి. కువైట్‌లో ఉన్నవాళ్లు ఇది ఈ శుక్రవారమే మొదలుపెట్టవచ్చు, మీకు సెలవు కదా.

ఇక డిసెంబరు దగ్గరపడుతోంది. మందిరం మీద నక్షత్రం కట్టాలి. పోయిన ఏడు కంటే ఎత్తుగా కట్టాలని, పక్క ఊరి సంఘంవాళ్లది మన కూడలి దాకా కనబడిందని అప్పుడే మాటలు వినబడుతున్నాయి. ఎత్తు పెంచేది లేదు. మందిరం వెనక నుంచి పోయే తీగ ఎంత దగ్గరగా ఉందో అందరికీ తెలుసు. లైన్‌మన్‌కు ముందురోజే చెప్పి, సరఫరా తీశారని ఫోనులో విన్నాకే నిచ్చెన వేయాలి. ఇనుప గొట్టాలు వద్దు. సాయంత్రం చీకటి పడ్డాక పని పెట్టుకోవద్దు. పిల్లవాడు పైకి ఎక్కితే కింద నిచ్చెన పట్టుకోవడానికి సంఘ పెద్దలు ఇద్దరు ఉండాలి. ఆ ఇద్దరూ ఎవరో ఈ ఆదివారం ఆరాధన తరువాత పేర్లు ఇవ్వండి.